ఫైనాన్స్ యాప్ తెరవగానే మూసుకుపోతోంది, తీసేసి మళ్లీ వేసుకోనా?

ప్రశ్న ఇదీ: నిన్న రాత్రి వరకు లక్షణంగా పనిచేసిన ఫైనాన్స్ యాప్ పొద్దున్నించి తెరుచుకోవట్లేదు. నొక్కితే లోగో వస్తుంది, ఒక్క క్షణం తెల్లటి తెర కనిపిస్తుంది, ఆ వెంటనే మూసుకుపోయి మళ్లీ హోమ్ స్క్రీన్ వచ్చేస్తుంది. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశారు, మార్పేమీ లేదు. అడిగిన ప్రతివాళ్లూ "తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి, అదే పోతుంది" అంటున్నారట. చేయొచ్చా, చేస్తే లోపలున్న డబ్బుకేమైనా అవుతుందా?

సూటిగా చెప్తాను. తీసేయడం ఆఖరి పని, మొదటిది కాదు. ముందు అదే ఖాతాను కంప్యూటర్‌లో, బ్రౌజర్ ద్వారా తెరిచి చూడండి. అక్కడ కూడా తెరుచుకోకపోతే తప్పు వాళ్ల సర్వర్‌ది, మీ ఫోన్‌ని ఎంత సతాయించినా ప్రయోజనం లేదు, కాసేపు ఆగండి. అక్కడ తెరుచుకుంటే తప్పు ఫోన్ వైపు ఉంది. అప్పుడు ఈ వరసలో వెళ్లండి: ఫోన్‌లో ఖాళీ ఎంత ఉందో చూడటం, తేదీ, టైమ్ సరిచూడటం, యాప్‌నీ వెబ్‌వ్యూనీ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ భాగం) అప్‌డేట్ చేయడం, ఆ తర్వాత క్యాష్ (తాత్కాలిక ఫైళ్లు) మాత్రమే క్లియర్ చేయడం. మీరు చెప్పిన లక్షణాలకి చాలావరకు ఈ నాలుగింటి దగ్గరే కథ ముగుస్తుంది. (ఇంకో ఫోన్‌లో లాగిన్ అయి పరీక్షించమని చెప్పట్లేదు చూడండి. కొన్ని యాప్‌లు ఒక్క ఫోన్‌నే ఒప్పుకుంటాయి, రెండో దాంట్లోకి వెళ్తే మొదటిదాన్ని బయటికి నెట్టేస్తాయి. ఉన్న చిక్కు చాలదన్నట్టు ఇంకోటి.)

నేను ఇలాంటి యాప్‌లను విడుదలకు ముందు పరీక్షించే పనిలో కొన్నేళ్లు ఉన్నాను, తర్వాత ఫిర్యాదులు చూసే జట్టుకి మారాను. అక్కడికొచ్చాక అర్థమైంది, జనాలకి యాప్ పాడవడం వల్ల జరిగే నష్టం కంటే కంగారులో వాళ్లు చేసే పనుల వల్ల జరిగేదే ఎక్కువని.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. బ్యాంకు యాప్ గానీ, పెట్టుబడుల యాప్ గానీ అయితే మీ డబ్బు ఫోన్‌లో లేదు, సంస్థ లెక్కల్లో ఉంది. యాప్ పోయినా అది చెక్కుచెదరదు. షేర్లలో ఏదైనా ఆర్డర్ పెట్టి ఉంటే మాత్రం యాప్ మూసుకుపోయినంత మాత్రాన ఆ ఆర్డర్ రద్దవదు, అది అక్కడ బతికే ఉంటుంది, కాబట్టి వెబ్‌సైట్‌లోకి వెళ్లి చూసుకోండి. కానీ రెండు రకాల యాప్‌ల విషయంలో నేను చెప్పింది వర్తించదు. ఒకటి, ఖర్చులు రాసుకునే పుస్తకం లాంటి యాప్‌లు. వీటిలో కొన్ని మీరు రాసిందంతా ఫోన్‌లోనే దాచుకుంటాయి, ఇంకెక్కడా కాపీ ఉండదు. రెండోది, తాళం మీ చేతికే ఇచ్చే క్రిప్టో వాలెట్లు. వాటి కీ ఫోన్‌లోనే ఉంటుంది. మొదట్లో రాసుకోమని ఇచ్చిన 12 లేదా 24 మాటల వరుస మీ దగ్గర కాగితం మీద లేకుండా యాప్ తీసేశారా, ఇక అంతే సంగతులు. ఫిర్యాదు చేయడానికి కూడా అవతల ఎవరూ ఉండరు.

మొదటి రకం దెబ్బ నేను దగ్గరుండి చూశాను. మా పెద్దమ్మ ఇంటి ఖర్చులు, చిట్టా పద్దులు, ఎవరికెంత ఇచ్చిందీ ఎవరు తిరిగిచ్చిందీ మూడేళ్లుగా ఒక యాప్‌లో రాసుకుంటూ వచ్చింది. ఒకరోజు అది తెరుచుకోలేదు. పక్కింటి కుర్రాడు చిటికెలో తీసేసి చిటికెలో మళ్లీ వేసిచ్చాడు. భేషుగ్గా తెరుచుకుంది, కొత్త యాప్ లాగా, ఒక్క అంకె లేకుండా. "స్వాగతం, మీ మొదటి ఖర్చు రాయండి" అని అడుగుతోంది. ఆవిడ ఆ తెర వంక చూస్తూ కూర్చుండిపోయింది. తర్వాత తెలిసిందేంటంటే ఫోన్‌లో స్థలం నిండిపోవడమే అసలు రోగం. రెండు సినిమాలు డిలీట్ చేస్తే సరిపోయేది.

యాప్ ఎక్కడ ఆగుతోందో చూడండి. కారణం చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. "పనిచేయట్లేదు" అనే మాటలో పది రకాల జబ్బులుంటాయి. లోగో దగ్గరే కూలిపోవడం వేరు, లాగిన్ దగ్గర తిప్పికొట్టడం వేరు, లోపలికి వెళ్లాక గుండ్రంగా తిరుగుతూ ఉండిపోవడం వేరు, ఆఖరి బటన్ పనిచేయకపోవడం వేరు, "ఈ ఫోన్‌లో నేను నడవను" అని యాప్ మొహం మీదే చెప్పడం ఇంకా వేరు.

మీది మొదటి రకం కాబట్టి దాని గురించే కాస్త ఎక్కువ చెప్తాను.

"నిన్న రాత్రి బాగుంది, పొద్దున్న లేదు, నేనేం మార్చలేదు" అన్నారు. మీరు మార్చకపోవచ్చు, ఫోన్ మార్చుకుంటుంది. ఛార్జింగ్‌కి పెట్టి పడుకున్నాక, వైఫై ఉంటే, యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ అవుతుంటాయి. అంటే రాత్రికి రాత్రి మీ యాప్ కొత్త వెర్షన్ అయి ఉండొచ్చు, లేదా అది ఆధారపడే ఇంకో భాగం మారి ఉండొచ్చు. ప్లే స్టోర్‌లోనో ఆప్ స్టోర్‌లోనో ఆ యాప్ పేజీ తెరిచి చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. నిన్నో మొన్నో అని ఉంటే అక్కడే కింద రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి. మీలాంటి గోలే ఇంకో పదిమంది పెట్టి ఉంటే అది వాళ్ల తప్పు, ఒకటి రెండు రోజుల్లో సవరించి మళ్లీ వదులుతారు. "మా తమ్ముడి ఫోన్‌లో అదే యాప్ బ్రహ్మాండంగా నడుస్తోందే" అనకండి. కొత్త వెర్షన్ అందరికీ ఒకేసారి ఇవ్వరు, కొంతమందికి ముందు వదిలి, గొడవ లేదనుకున్నాక మిగతావాళ్లకి ఇస్తారు. మీరు ఆ ముందు వరసలో పడ్డారన్నమాట. అలాగని పాత వెర్షన్ ఎక్కడో ఊరూపేరూ లేని సైట్లో దొరికిందని తెచ్చి వేసుకోకండి. డబ్బుకి సంబంధించిన యాప్ విషయంలో ఆ సాహసం అస్సలు వద్దు.

ఆండ్రాయిడ్ అయితే వెబ్‌వ్యూ అనేదాన్ని కూడా అనుమానించాలి. యాప్ లోపల వెబ్ పేజీలాంటివి చూపించడానికి ఫోన్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని ఒక భాగం ఉంటుంది, 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి అది ప్లే స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవుతోంది. కొన్ని ఆండ్రాయిడ్ వెర్షన్లలో ఆ పని క్రోమే చేస్తుంది. చాలా ఫైనాన్స్ యాప్‌లు షరతుల పేజీలు, ప్రకటనలు, ఒక్కోసారి లాగిన్ పేజీ కూడా దీంట్లోనే చూపిస్తాయి. 2021 మార్చిలో ఆ వెబ్‌వ్యూలో వచ్చిన లోపం వల్ల ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో సంబంధం లేని యాప్‌లన్నీ టపటపా మూసుకుపోయాయి, జీమెయిల్‌తో సహా. గూగుల్ కొత్త వెబ్‌వ్యూ, కొత్త క్రోమ్ ఇచ్చాకగానీ సర్దుకోలేదు. ఆ పూట ఎంతమంది తమ బ్యాంకు యాప్‌ని తీసేసి, మళ్లీ వేసి, పాస్‌వర్డ్ మర్చిపోయి, ఖాతా లాక్ చేసుకున్నారో. యాప్‌లో ఏ దోషమూ లేదు పాపం. అందుకే ఒకటి కాకుండా రెండు మూడు యాప్‌లు కలిసి కూలుతుంటే ప్లే స్టోర్‌లోకి వెళ్లి వెబ్‌వ్యూనీ, క్రోమ్‌నీ అప్‌డేట్ చేయండి. తెల్లతెర వచ్చి మూసుకుపోతోందన్నారు కదా, నాకు మీ విషయంలో దీని మీదే ఎక్కువ అనుమానం.

ఖాళీ స్థలం సంగతి పెద్దమ్మ కథలో చెప్పేశాను. యాప్ తెరుచుకోగానే తన చిన్న డేటాబేస్‌లో ఏదో ఒకటి రాసుకోవాలని చూస్తుంది, చోటు లేకపోతే రాయలేదు, ఆ పరిస్థితిని పట్టించుకునేలా రాయని యాప్ అయితే కూలిపోతుంది. ఫోటోలు తీసినప్పుడు "స్టోరేజ్ నిండింది" అని వచ్చిందేమో గుర్తు తెచ్చుకోండి.

ఈ సందర్భంలో ఒక మాట. "సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి" అనే సలహా మీకు ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు, అందులో మీ ఫైనాన్స్ యాప్ కూడా ఒకటి. మరి పరీక్షించేది దేన్ని?

ఇక లాగిన్ దగ్గర ఆగే రకం. ఇది మీది కాకపోయినా ఇదే ప్రశ్నతో వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెప్తున్నా. నా అనుభవంలో ఇక్కడ మొదటి ముద్దాయి గడియారం. ఒకాయన ఫోన్ టైమ్‌ని ఏడు నిమిషాలు ముందుకు పెట్టుకునేవారు, ఎక్కడికీ ఆలస్యం కాకుండా ఉండటానికట. యాప్ అడిగే 6 అంకెల కోడ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది. ఆ కోడ్‌ని ఆథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లు తయారుచేసే వేరే యాప్) మీ ఫోన్ టైమ్ ఆధారంగానే లెక్కగడుతుంది, మామూలుగా 30 సెకన్లకోసారి మారుతుంది, అటు సర్వర్ కూడా తన టైమ్‌తో అదే లెక్క వేసి రెండూ పోల్చుతుంది. ఒకటి రెండు కోడ్‌ల తేడాని సర్వర్ ఒప్పుకోవచ్చు గానీ ఏడు నిమిషాల తేడాని ఎందుకు ఒప్పుకుంటుంది? సెట్టింగ్స్‌లో టైమ్‌ని ఆటోమేటిక్‌గా పెట్టగానే పని అయిపోయింది. ఆయనకి ఆనందం లేదు, ఇప్పుడు అన్నింటికీ ఆలస్యం అవుతానేమో అని దిగులు. తేదీ మరీ తప్పుగా ఉంటే (బ్యాటరీ పూర్తిగా చచ్చి లేచిన పాత ఫోన్లలో చూస్తుంటాం) లాగిన్ దాకా కూడా వెళ్లదు. సర్వర్ చూపించే సర్టిఫికెట్ (తాను అసలైనదేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) గడువు దాటిందనో, ఇంకా మొదలే కాలేదనో ఫోన్ అనుకుని కనెక్షన్ కట్ చేసేస్తుంది.

అప్‌డేట్‌లు రావడం ఎప్పుడో మానేసిన ఫోన్లకి తేదీ సరిగ్గా ఉన్నా ఇదే సమస్య రావొచ్చు. 2021 సెప్టెంబర్ 30న అప్పటివరకు చాలా సైట్లు నమ్ముకున్న ఒక రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకి మూలంగా ఉండేది) గడువు తీరిపోయింది. కొత్తదాన్ని గుర్తుపట్టని పాత పరికరాల్లో ఎన్నో సైట్లు, యాప్‌లు ఆ రోజు నుంచి కనెక్ట్ కాలేదు. అలాంటి ఫోన్‌కి మనం చేయగలిగేది పెద్దగా ఉండదు. బాధగానే ఉంటుంది, కానీ డబ్బు వ్యవహారాలకి ఆ ఫోన్ రిటైర్ అయినట్టే.

రెండో ముద్దాయి వేలిముద్ర. "నిన్న మా ఆవిడ వేలిముద్ర కూడా ఫోన్‌లో పెట్టాను, ఇవాళ్టి నుంచి యాప్ నా వేలు ఒప్పుకోవట్లేదు" అని ఒకతను. యాప్ చేసింది సరైన పనే. కొత్త వేలు చేరితే వేలిముద్రతో తెరుచుకునే పాత కీ (ఫోన్‌లో దాచిన డిజిటల్ తాళంచెవి) చెల్లకుండా పోయేలా కావాలనే కట్టారు, లేకపోతే మీ ఫోన్ పిన్ తెలిసిన ఎవరైనా తమ వేలు చేర్చుకుని నేరుగా ఖాతాలోకి వెళ్లిపోతారు. పాస్‌వర్డ్‌తో ఒకసారి లోపలికెళ్లి వేలిముద్రని మళ్లీ ఆన్ చేసుకోండి, చాలు. స్క్రీన్ లాక్ పూర్తిగా తీసేసినా ఇలాగే అవుతుంది. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త: పాస్‌వర్డ్ సరిగ్గా గుర్తు లేకపోతే ఊహించి కొట్టుకుంటూ పోకండి. కొన్ని తప్పుల తర్వాత ఖాతా లాక్ అవుతుంది, అప్పుడు చిన్న సమస్య కాస్తా పెద్దదవుతుంది.

లోపలికెళ్లాక గుండ్రం తిరుగుతూ ఉండిపోతే నెట్‌వర్క్ వైపు చూడండి. వైఫై తీసేసి మొబైల్ డేటాతో, మొబైల్ డేటా తీసేసి వైఫైతో. వీపీఎన్ (మీ ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్లించేది) ఉంటే ఆపండి. ప్రకటనలు రాకుండా ఆపే యాప్‌లు కొన్ని వీపీఎన్ లాగానే పనిచేస్తాయని చాలామందికి తెలీదు, వాటినీ ఆపండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల పేర్లని చిరునామాలుగా మార్చే సర్వర్‌ని ఎంచుకునేది) అనే సెట్టింగ్ ఉంది, ప్రకటనలు వద్దనుకుని ఎప్పుడో అందులో ఏదో పేరు పెట్టి మర్చిపోయి ఉంటారు, దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి చూడండి. ఏదైనా అంకె కనిపిస్తే రాసి పెట్టుకోండి: 500, 502, 503 లాంటివి 5తో మొదలైతే వాళ్ల సర్వర్ వైపు గొడవ, 401 అయితే మీ లాగిన్ చెల్లట్లేదని, 429 అయితే మీరు మరీ తొందరగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నారని. ఈ చివరిది చూసినప్పుడు చేయాల్సిందల్లా ఫోన్ పక్కన పెట్టి వేరే పని చూసుకోవడమే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కేసు. ఒకావిడ ఫిర్యాదు: డబ్బు పంపేటప్పుడు అన్ని పేజీలూ వస్తాయి, ఆఖర్న "నిర్ధారించు" బటన్ నొక్కితే మాత్రం ఏమీ అవ్వదు. పగలు పనిచేస్తుంది, రాత్రి పనిచేయదు. మా జట్టులో నవ్వేశారు, రాత్రిపూట పనిచేయని బటన్ ఏంటని. ఒకరు సర్వర్ నిర్వహణ టైమ్ అన్నారు, ఇంకొకరు ఆవిడ నిద్రమత్తులో వేరేచోట నొక్కుతోందన్నారు. స్క్రీన్‌షాట్ పంపమంటే భద్రత వల్ల తీయనివ్వట్లేదంది. చివరికి ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి పంపింది. ఫోటోలో తెరంతా లేత పసుపు రంగు. కళ్లకి హాయిగా ఉంటుందని ఒక యాప్ వేసుకుంది, అది సూర్యాస్తమయం అవగానే తెర మీద పసుపు పొర ఒకటి పరుస్తుంది. మన యాప్‌లో ఆ ముఖ్యమైన బటన్ మీద ఇంకే యాప్ పొర ఉన్నా నొక్కుడును లెక్కచేయకూడదని రాసి ఉంది, ఎందుకంటే దొంగ యాప్‌లు అలా పైన పొర వేసే మనతో వాళ్లకి కావాల్సింది నొక్కిస్తాయి. పసుపు యాప్ తీసేసి ఫోన్‌లోనే ఉండే నైట్ లైట్ పెట్టుకోమన్నాం. అది పొర కాదు, తెర రంగునే మారుస్తుంది. ఆ రాత్రే డబ్బు వెళ్లింది. కాబట్టి ఒక్క బటన్ మాత్రం మొరాయిస్తుంటే తెర మీద తేలే వాటన్నిటినీ ఆపండి: చాట్ బుడగలు, రికార్డర్లు, రంగు మార్చేవి, పక్కన తేలే బటన్లు. సెట్టింగ్స్‌లో "ఇతర యాప్‌ల పైన చూపించు" అనే అనుమతి ఎవరెవరికి ఉందో జాబితా ఉంటుంది.

ఇలాంటిదే ఇంకోటి, బటనే కనిపించకపోవడం. పెద్దవాళ్ల ఫోన్లలో అక్షరాల సైజు, డిస్‌ప్లే సైజు రెండూ ఆఖరికి పెంచి ఉంటాయి, సరిగ్గా రాయని యాప్‌లో "కొనసాగించు" బటన్ తెర కిందికి జారిపోతుంది. కాసేపు సైజు తగ్గించి పని కానిచ్చి మళ్లీ పెంచుకోండి.

బటన్ నొక్కాక సగంలో యాప్ కూలిపోతే మాత్రం ఆగండి. వెంటనే రెండోసారి పంపకండి. మీ అభ్యర్థన సర్వర్‌కి చేరాక యాప్ కూలిందో, చేరకముందే కూలిందో ఫోన్ చూసి చెప్పలేం. వెబ్‌సైట్‌లో స్టేట్‌మెంట్ చూడండి, అవతలివాళ్లని అడగండి, "పెండింగ్" అని ఉంటే అది తేలేదాకా ఊరుకోండి. రెండుసార్లు వెళ్లిన డబ్బుని వెనక్కి రప్పించడం, ఒకసారి వెళ్లని డబ్బుని మళ్లీ పంపడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

"మీ ఫోన్ సురక్షితంగా లేదు" అని యాప్ నడవనంటే అది పాడవ్వలేదు, ఒప్పుకోవట్లేదంతే. ఆండ్రాయిడ్ యాప్‌లు ప్లే ఇంటిగ్రిటీ అనే సేవ ద్వారా ఫోన్ అసలైనదేనా, సిస్టమ్‌ని ఎవరైనా కెలికారా, యాప్ స్టోర్ నుంచి వచ్చిందేనా అని ఆరా తీయొచ్చు. రూట్ చేసిన ఫోన్ (అడ్డుకట్టలు తీసేసి సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకున్నది), కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన సిస్టమ్ (కస్టమ్ రోమ్), బీటా వెర్షన్ సిస్టమ్, ఒకే యాప్‌ని రెండుగా నడిపే క్లోన్ యాప్‌లు, ఇవన్నీ ఇక్కడ తగులుతాయి. కొన్ని యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉన్నా ముఖం చిట్లిస్తాయి, ఇంకొన్ని తెరని చదవగలిగే యాక్సెసిబిలిటీ అనుమతి ఏ యాప్‌కైనా ఉంటే అభ్యంతరం చెప్తాయి. చూపు సరిగా లేనివాళ్లు వాడే అసలైన సహాయ యాప్‌లను కూడా ఇలా అడ్డుకోవడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది, ఆ మాట జట్టులో ఉన్నప్పుడూ అన్నాను. అయినా మీకు తెలియని యాప్ ఏదైనా ఆ అనుమతి తీసుకుని కూర్చుందేమో మాత్రం చూడండి. అలాంటిది కనబడితే అది మీ యాప్ చేసిన మేలే. రూట్‌ని దాచిపెట్టే చిట్కాలు నన్ను అడగొద్దు, ఇవాళ పనిచేసినా రేపు అప్‌డేట్‌తో పోతాయి, ఆ ఫోన్‌లో డబ్బు పెట్టుకోవడం కూడా తెలివైన పని కాదు.

నెలల తరబడి తెరవని యాప్ అయితే ఒక చిన్న విషయం. ఆండ్రాయిడ్ 11 నుంచి వాడని యాప్‌ల అనుమతులను ఫోనే వెనక్కి తీసుకుంటుంది, ఆండ్రాయిడ్ 12 నుంచి వాటిని నిద్రపుచ్చుతుంది కూడా, అప్పుడు నోటిఫికేషన్లు రావు. తెరిచి, అడిగిన అనుమతుల్లో అవసరమైనవి ఇస్తే సరి.

మళ్లీ మీ దగ్గరికొద్దాం. అప్‌డేట్‌లు అయ్యాయి, ఖాళీ ఉంది, టైమ్ సరిగ్గా ఉంది, అయినా కూలుతోంది. అప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్ దగ్గర ముందు "ఫోర్స్ స్టాప్" నొక్కండి. తెర మీంచి పైకి తోసేస్తే యాప్ పూర్తిగా ఆగిందని అనుకుంటాం, ప్రతిసారీ అలా జరగదు. తర్వాత స్టోరేజ్‌లోకి వెళ్తే రెండు బటన్లుంటాయి, క్లియర్ క్యాష్, క్లియర్ డేటా. క్యాష్ అంటే యాప్ పని త్వరగా అవడానికి పక్కన పెట్టుకున్న తాత్కాలిక సరంజామా, తీసేసినా మళ్లీ తెచ్చుకుంటుంది. క్లియర్ డేటా అలా కాదు, అది దాదాపు తీసేసి మళ్లీ వేసుకోవడమే. లాగిన్, సెట్టింగ్‌లు, ఫోన్‌లోనే దాచినవి అన్నీ పోతాయి. ఈ క్యాష్ అనే మాట వల్ల వచ్చిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఫోన్‌లో ఒక పెద్దాయనకి ఓపిగ్గా చెప్పుకుంటూ వచ్చి "ఇప్పుడు క్లియర్ క్యాష్ నొక్కండి" అన్నాను. అవతల నిశ్శబ్దం. కాసేపటికి, "బాబూ, క్యాష్ మొత్తం క్లియర్ చేస్తే నాకేం మిగుల్తుంది?" అన్నారు. తెలుగులో రెండు మాటలూ ఒకేలా పలుకుతాం మరి. అప్పట్నించి నేను "తాత్కాలిక ఫైళ్లు" అంటున్నాను.

ఐఫోన్‌లో ఒక్కో యాప్‌కి ఇలా క్యాష్ తీసే బటన్ ఉండదు. దాని బదులు ఐఫోన్ స్టోరేజ్‌లోకి వెళ్లి యాప్ మీద నొక్కితే "ఆఫ్‌లోడ్ యాప్" అని ఉంటుంది, ఐఓఎస్ 11 నుంచి వచ్చింది. ఇది యాప్‌ని తీసేస్తుంది గానీ దాని డేటాని ఉంచుతుంది, మళ్లీ వేసుకుంటే యథాస్థానంలో ఉంటాయి. "డిలీట్ యాప్" దాని పక్కనే ఉంటుంది, వేలు జారకుండా చూసుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా లొంగకపోతే అప్పుడు తీసేయండి, కానీ ముందు ఇవి మీ చేతిలో ఉన్నాయా అని చూసుకుని: యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ (వేలిముద్రకి అలవాటు పడి పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లే ఎక్కువ, వెబ్‌సైట్‌లో ఒకసారి కొట్టి ధ్రువపరుచుకోండి), ఓటీపీ వచ్చే నంబర్ ఇంకా మీ దగ్గరే పనిచేస్తోందా, ఖర్చుల యాప్ అయితే బ్యాకప్ ఉందా, వాలెట్ అయితే ఆ 12 లేదా 24 మాటలు కాగితం మీద ఉన్నాయా. అలాగే మీకు ఇవాళే పెద్ద మొత్తం పంపాల్సిన పని ఉంటే యాప్ తీయకండి, ముందు వెబ్‌సైట్‌లో ఆ పని కానివ్వండి. కొన్ని సంస్థలు ఫోన్‌ని కొత్తగా నమోదు చేసినట్టు లెక్కేసి కొన్ని గంటలో, ఒక రోజో పెద్ద మొత్తాలు పంపనివ్వవు.

సంస్థ వాళ్లని అడగాల్సి వస్తే, నంబర్ కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి. యాప్ పనిచేయట్లేదని కంగారుగా వెతికేవాళ్ల కోసమే దొంగ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి కూర్చుంటారు. కార్డు వెనకాల ఉన్న నంబర్, స్టేట్‌మెంట్ మీద ఉన్న నంబర్, లేదా మీరు చేతులారా టైప్ చేసి తెరిచిన అసలు వెబ్‌సైట్‌లోది, అంతే. స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నారా, ఓటీపీ అడిగారా, ఫోన్ పెట్టేయండి. మా జట్టులో ఇన్నేళ్లలో ఏ ఒక్కరికీ వినియోగదారుడి ఓటీపీ అవసరం పడలేదు. మీరు రాసేటప్పుడు "పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా ఫోన్ మోడల్, సిస్టమ్ వెర్షన్, యాప్ వెర్షన్, ఎన్ని గంటలకి జరిగింది, ఎక్కడ ఆగింది, ఇవి రాయండి. టైమ్ ముఖ్యం, లాగ్‌లలో వెతికేది దాంతోనే. స్క్రీన్‌షాట్ తీయనివ్వకపోతే ఆ పసుపు తెర ఆవిడలాగా ఇంకో ఫోన్‌తో ఫోటో తీయండి, కాకపోతే ఖాతా నంబర్ మీద వేలు అడ్డం పెట్టి.

నాకు తెలియాల్సింది రెండే: కూలుతోంది ఆ ఒక్క యాపేనా ఇంకేవైనా ఉన్నాయా, వెబ్‌వ్యూ చివరిసారి ఏ తేదీన అప్‌డేట్ అయింది. అవి చెప్తే మిగతాది చూద్దాం. అప్పటిదాకా ఆ పక్కవాళ్లెవరికీ ఫోన్ ఇవ్వకండి.